లైబ్రేరియన్లు కలిసి తీసే పది నిమిషాల పాఠాలు

ఏ కాలేజీ లైబ్రరీలోనైనా కౌంటర్ దగ్గర ఓ అరగంట నిలబడి వినండి. "మేడమ్, ఈ పుస్తకం ఉందా?" "మేడమ్, ఇది ఎక్కడ వెతకాలి?" "మేడమ్, పాస్‌వర్డ్ మర్చిపోయాను." ప్రశ్నలు ఈ మూడే, అడిగే మొహాలు మాత్రం మారుతుంటాయి. లైబ్రేరియన్ గారు ప్రతిసారీ కుర్చీలోంచి లేచి వచ్చి, కంప్యూటర్ ముందు నిలబడి, అదే పెట్టెలో అదే మాట టైప్ చేసి చూపిస్తారు. ఒక క్లాసులో 60 మంది ఉన్నారనుకోండి. మనిషికి ఐదు నిమిషాలు చెప్పినా ఐదు గంటలు. అదీ ఒక్క క్లాసుకే. ఇదే పాఠం పక్క కాలేజీలోనూ చెప్తున్నారు, మైసూరులోనూ చెప్తున్నారు, అనంతపురంలోనూ చెప్తున్నారు. వాడే సాఫ్ట్‌వేర్ చాలా చోట్ల ఒకటే, చెప్పే పాఠమూ ఒకటే. అలాంటప్పుడు ఎవరో ఒకరు బాగా చెప్పి, రికార్డు చేసి పెడితే మిగతావాళ్ళు వాడుకోవచ్చు కదా?

ఈ ఆలోచన మనకే కొత్తగా రాలేదు. పడమటి కెనడాలోని విశ్వవిద్యాలయ లైబ్రరీలకు కాప్పల్ అనే ఉమ్మడి సంఘం ఉంది. 2000ల్లో అక్కడి లైబ్రేరియన్లు కొందరు "యానిమేటెడ్ ట్యుటోరియల్ షేరింగ్" అని ఒక పని మొదలుపెట్టారు. పొట్టిగా ఆంట్స్, అంటే చీమలు. పేరు బాగా కుదిరింది, ఎందుకంటే వాళ్ళ పద్ధతి చీమల పద్ధతే. ప్రతి యూనివర్సిటీ దాదాపు అవే డేటాబేసులకు డబ్బు కడుతోంది, ప్రతి లైబ్రరీ వాటి మీద విడివిడిగా వీడియో తీసుకుంటోంది. అలా కాకుండా ఒక లైబ్రరీ ఒక డేటాబేసు మీద, ఇంకో లైబ్రరీ ఇంకో దాని మీద తీసి, అన్నీ ఒకచోట పోగు చేస్తే ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోవచ్చు. ఆ వీడియోలు చూపించిన చానెల్ పేరు లయన్ టీవీ. చీమలు మోసుకొచ్చినవి సింహం చూపించడం ఏమిటో నాకు భలే నవ్వొచ్చింది, కానీ అది కూడా పొడి అక్షరాల పేరే.

ఆ చానెల్‌ని బ్లిప్ టీవీ అనే వెబ్‌సైట్‌లో పెట్టారు. బ్లిప్ టీవీ 2015లో మూతపడింది. లైబ్రేరియన్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇక్కడే వస్తుంది: ఈ వస్తువు పదేళ్ళ తర్వాత దొరుకుతుందా? వీడియో తీయడం కంటే దాన్ని నిలబెట్టడం కష్టం. అందుకే ఇలాంటి ఉమ్మడి పనుల్లో తయారైన వీడియో ఒక్కటే కాదు, దాన్ని తయారు చేసిన మూల ఫైళ్ళు కూడా పంచుకోవాలి. డేటాబేసు వాళ్ళు రేపు బటన్ రంగు మార్చినా, చోటు మార్చినా మూల ఫైలు ఉంటే ఆ ముక్క మాత్రం మార్చుకోవచ్చు. లేకపోతే మొత్తం మళ్ళీ తీయాలి.

ఇక మన దేశానికి వద్దాం. ఐఐటీ బాంబేలో స్పోకెన్ ట్యుటోరియల్ అనే ప్రాజెక్టు ఉంది. కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య గారు దీన్ని నడిపించారు, కేంద్ర విద్యాశాఖ డబ్బు ఇచ్చింది. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లను, అంటే లిబ్రే ఆఫీసు, లినక్స్ లాంటివాటిని పది నిమిషాల చిన్న వీడియోల్లో నేర్పడం దాని పని. మన సంగతికి ముఖ్యమైంది ఏమిటంటే, ఆ జాబితాలో కోహా కూడా ఉంది. కోహా అంటే లైబ్రరీ నడిపే సాఫ్ట్‌వేర్. మనం ఓపాక్ అని పిలుచుకునే క్యాటలాగు పేజీ చాలా కాలేజీల్లో దీన్నుంచి వచ్చేదే.

కోహా కథ ఇక్కడ కొంచెం చెప్పకుండా ఉండలేను. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే ప్రాంతపు లైబ్రరీల్లో ఉన్న పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరం రాగానే తేదీలు తప్పు లెక్కపెట్టే ప్రమాదంలో పడింది. కొత్తది కొనడానికి డబ్బు చాలదు. అప్పుడు వాళ్ళు కటిపో అనే చిన్న కంపెనీతో కలిసి కొత్త సాఫ్ట్‌వేర్ రాయించుకుని, 2000 జనవరికల్లా వాడుకలోకి తెచ్చారు. తెచ్చి, దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోమని వదిలేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఉత్త కానుక కూడా కాదు, పుచ్చుకున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఏదో ఒకటి ఇవ్వాలన్న భావం ఉన్న కానుక. మన పెళ్ళిళ్ళలో చదివింపులు రాసుకునే పుస్తకం ఉంటుంది చూశారా, ఇంచుమించు ఆ లెక్క.

స్పోకెన్ ట్యుటోరియల్ వాళ్ళ కోహా పాఠాలు ముఖ్యంగా లైబ్రరీలో పనిచేసేవాళ్ళ కోసం. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, సభ్యుల రకాలు పెట్టడం, పుస్తకం వివరాలు ఎక్కించడం, ఇష్యూ, రిటర్న్, పత్రికల చందాలు, బడ్జెట్, ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్క వీడియో. ఎక్సెల్‌లో రాసి పెట్టుకున్న పుస్తకాల జాబితాను కోహాకు అర్థమయ్యే రూపంలోకి మార్చడం మీద కూడా ఒకటి ఉంది. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఒకే ఒక్క లైబ్రేరియన్ ఉన్న చిన్న ఊరి కాలేజీలో ఆ ఒక్క వీడియో ఎన్నో నెలల టైపింగ్ తప్పిస్తుంది. శిక్షణకు సెలవు పెట్టి ఇంకో ఊరు వెళ్ళనవసరం లేదు. ఆగిపోయిన చోట వీడియో ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. వీడియోని ఒక పక్క, సాఫ్ట్‌వేర్‌ని ఒక పక్క పెట్టుకుని చూస్తూ చేయమంటారు. ఇంటర్నెట్ సరిగా లేని చోట్లకు ఆఫ్‌లైన్‌లో చూసే ఏర్పాటు కూడా చేశారు.

వాళ్ళు వీడియో తయారు చేసే తీరు నాకు వీడియోల కంటే ఎక్కువ నచ్చింది. మనం రీల్ తీసినట్టు ఫోన్ పట్టుకుని మాట్లాడేయరు. ముందు ఈ పాఠంలో ఏమేం చెప్పాలో ఒక పట్టిక. తర్వాత స్క్రిప్టు. స్క్రిప్టు రెండు వరుసలుగా ఉంటుంది: ఎడమ పక్క తెర మీద ఏం కనిపించాలి, కుడి పక్క గొంతు ఏం చెప్పాలి. ఆ స్క్రిప్టు రికార్డింగుకు వెళ్ళే ముందు ఒక పరీక్ష ఉంటుంది. దాని పేరు నోవిస్ చెక్. ఆ సాఫ్ట్‌వేర్ ముక్క కూడా తెలియని మనిషికి స్క్రిప్టు ఇచ్చి, చదువుకుంటూ చేయమంటారు. ఆ మనిషి ఎక్కడ ఆగిపోతే అక్కడ స్క్రిప్టులో లోపం ఉన్నట్టు. నేర్చుకునేవాళ్ళలో కాదు. అంటే తెలిసినవాళ్ళు రాసిన దాన్ని తెలియనివాళ్ళు దిద్దుతారన్నమాట. మన చదువుల్లో ఇంకెక్కడా ఇలా జరగగా నేను చూడలేదు.

రికార్డింగు అయ్యాక భాషల పని. ఇంగ్లీషులో తీసిన పాఠానికి ఏ మాట ఏ నిమిషంలో ఏ సెకనులో వస్తుందో రాసిన పట్టిక ఉంటుంది. అనువాదం చేసేవాళ్ళు ఆ గడుల్లోనే తమ భాష రాసి, గొంతు మాత్రం మార్చి రికార్డు చేస్తారు. తెర మీద బొమ్మ మారదు, బటన్ల పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. చాలా పాఠాలు ఇలా తెలుగుతో సహా మన దేశ భాషల్లోకి వచ్చాయి. ఉద్యోగానికి వెళ్ళిన చోట తెర ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి పేర్లు మార్చకుండా వివరణ మాత్రం మన భాషలో ఇవ్వాలన్నది వాళ్ళ ఆలోచన. మొదట నాకు ఇది సగం పనిలా అనిపించింది. ఆలోచిస్తే సబబే. "మూషికమును చిహ్నముపై నిలిపి నొక్కుడు" అని చెప్తే ఎవరికి అర్థమవుతుంది? "సెర్చ్ మీద క్లిక్ చేయండి" అంటే మా అమ్మమ్మకి కూడా తెలుస్తుంది.

అయితే తెలుగు డబ్బింగులో ఒక చిక్కు, ఒక సుఖం ఉన్నాయి. చిక్కు నిడివి. ఇంగ్లీషు వాక్యం నాలుగు సెకన్లలో అయిపోతే, అదే విషయం తెలుగులో పద్ధతిగా చెప్పేసరికి ఆరేడు సెకన్లు పడుతుంది. తెర మీద బాణం అప్పటికే ఇంకో పేజీకి వెళ్ళిపోయి ఉంటుంది. అందుకని అనువాదకులు వాక్యాన్ని కోయాలి. "ఇప్పుడు మనం" లాంటి మాటలు తీసేయాలి, "చేయవలసి ఉంటుంది" బదులు "చేయాలి" అనాలి. వ్యాకరణం క్లాసులో వాడుక భాష, గ్రాంథిక భాష అని మనం మార్కుల కోసం చదివే గొడవ ఇక్కడ సెకన్ల లెక్కలో తేలిపోతుంది. సుఖం ఏమిటంటే మన క్రియ వాక్యం చివర వస్తుంది. "కుడి పక్క పైన ఉన్న లాగిన్ మీద" అనే మాటలు ముందు వచ్చి, "క్లిక్ చేయండి" తర్వాత వస్తుంది. వినేవాళ్ళ కన్ను ముందు ఆ చోటు వెతుక్కుంటుంది, తర్వాత చెయ్యి కదులుతుంది. నేర్పడానికి అనువైన వరుస ఇదే. తెలుగు వాక్యం వీడియో పాఠం కోసమే పుట్టిందా అనిపిస్తుంది!

ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువగా సిబ్బంది కోసం తీసిన వీడియోలు. పాఠకుల కోసం, అందులోనూ తెలుగు పుస్తకం వెతుక్కునే పాఠకుల కోసం వేరే పాఠం కావాలి. ఎందుకో చూద్దాం.

మన బెంగళూరు కాలేజీల్లో క్యాటలాగు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. తెలుగు పుస్తకం పేరు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కిస్తారు. గురజాడ వారి కన్యాశుల్కం కావాలనుకోండి. "శు"ని ఎస్, యు అని రాసేవాళ్ళు ఉన్నారు, మధ్యలో హెచ్ పెట్టేవాళ్ళు ఉన్నారు. "న్యా"లో ఒక ఏ రాసేవాళ్ళు ఉన్నారు, రెండు ఏలు రాసేవాళ్ళు ఉన్నారు. చివర సున్నాని ఎం అని ఆపేవాళ్ళు ఉన్నారు, పాత పద్ధతిలో "ము" కోసం ఇంకో యు చేర్చేవాళ్ళు ఉన్నారు. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. ఒక్క పేరుకి ఎనిమిది స్పెల్లింగులు. ఇక రచయిత పేరు. గురజాడలో "జ"కి జె రాస్తారు కొందరు, జెడ్ రాస్తారు కొందరు. అప్పారావుని ఒకే మాటగా రాస్తారు, రెండు మాటలుగానూ రాస్తారు. మీరు టైప్ చేసింది క్యాటలాగులో ఉన్న దానితో కలవకపోతే తెర మీద ఫలితాలు సున్నా. పుస్తకం మాత్రం పదడుగుల దూరంలో బీరువాలోనే ఉంటుంది.

పాత తెలుగు పుస్తకాల స్కానింగులోనూ ఇదే గోల. మిలియన్ బుక్ ప్రాజెక్టు అని ఒకటి జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు దాని వెనక ఉన్నారు. మన దేశంలో దాని భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు కేంద్రం మన ఊళ్ళోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సే. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, వాటిలో చాలా ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. కానీ పేర్లు ఎక్కించినవాళ్ళు ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్ళు వేశారు. అక్కడ పుస్తకం దొరికించుకోవడం ఒక విద్య. ఆ విద్య తెలిసిన సీనియర్లు పాస్ అయి వెళ్ళిపోతే విద్య కూడా వాళ్ళతోనే పోతుంది.

ఇక్కడ పోయేది ఏమిటి అని అడగొచ్చు. లైబ్రరీలో చోటు ఎప్పుడూ తక్కువే. ఏ పుస్తకం ఎన్నిసార్లు ఇష్యూ అయిందో సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కులో లెక్క తీసి ఇస్తుంది. చాలా ఏళ్ళు కదలని పుస్తకాలు గోదాముకి వెళ్తాయి, కొత్తవి కొనేటప్పుడు ఆ భాషకి వాటా తగ్గుతుంది. ఇది ఎవరి కుట్రా కాదు, లెక్క. కానీ "ఎవరూ చదవలేదు" వేరు, "ఎవరికీ దొరకలేదు" వేరు. లెక్కలో ఈ రెండూ ఒకే సున్నాగా కనిపిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో అయితే ఒక చోట కాకపోతే ఇంకో చోట దొరుకుతుంది. బెంగళూరులో ఒక కాలేజీ తెలుగు బీరువా చిన్నబోతే దాని బదులు ఇంకోటి వెతుక్కోవడం అంత తేలిక కాదు.

ఇంకో సంగతి, మొహమాటం. మన దగ్గర పావగడ నుంచి, కోలారు వైపు నుంచి, హిందూపురం, మదనపల్లి నుంచి వచ్చి చదివేవాళ్ళు ఉన్నారు. కొందరి ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్ళే. మొదటిసారి ఒకటి అడుగుతారు, రెండోసారి అడగరు. "మొన్నే చెప్పాను కదా" అని ఎవరూ అనకపోయినా, అంటారేమో అన్న భయం చాలు. వీడియోకి విసుగు రాదు. హాస్టల్ గదిలో దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని పదిసార్లు వెనక్కి తిప్పి చూసినా "ఏమ్మా, ఇంకా రాలేదా" అనదు. అందుకే ఇది లైబ్రేరియన్ మనిషికి బదులు అని నేను అనుకోను. కౌంటర్ దగ్గర పాత ప్రశ్నలు తగ్గితే, కొత్త ప్రశ్నకి ఆవిడకి టైమ్ దొరుకుతుంది.

పాఠకులకి లైబ్రరీని పరిచయం చేయడం లైబ్రేరియన్ పనిలో భాగమని గట్టిగా చెప్పిన మనిషి మన ఊళ్ళోనే చివరి రోజులు గడిపారు. ఎస్.ఆర్. రంగనాథన్ గారు లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. 1931లో అచ్చయిన ఆయన ఐదు సూత్రాలు లైబ్రరీ సైన్సు చదివే ప్రతివాళ్ళూ వల్లిస్తారు. వాటిలో నాలుగోది పాఠకుల కాలం వృథా కానివ్వద్దనేది. కొత్తగా చేరిన విద్యార్థికి లైబ్రరీ వాడకం నేర్పడాన్ని ఆయన ఇనీషియేషన్ అన్నారు. మన మాటల్లో దీక్ష ఇవ్వడం. 1962లో ఆయన బెంగళూరులో స్థాపించిన డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్, అందరూ డీఆర్‌టీసీ అంటారు, ఇప్పటికీ మైసూరు రోడ్డులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో నడుస్తోంది. మనలో ఎవరికైనా డిగ్రీ తర్వాత ఈ దారి పట్టాలనిపిస్తే బస్సులో వెళ్ళి చూసొచ్చేంత దగ్గర.

తెలుగువాళ్ళకి అయితే ఇంకా పాత బంధుత్వం ఉంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాలవాళ్ళంతా మొదటిసారి ఒకచోట చేరారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. దీని వెనక తిరిగిన కాళ్ళు అయ్యంకి వెంకటరమణయ్య గారివి. గ్రంథాలయ యాత్రలని పేరు పెట్టి ఊరూరా తిరిగారు. "గ్రంథాలయ సర్వస్వము" అని పత్రిక నడిపారు. పాతూరి నాగభూషణం గారైతే కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊళ్ళకి పంపారు. ఒక ఊరి గ్రంథాలయం నేర్చుకున్నది ఇంకో ఊరికి చేరాలన్నదే ఆ పత్రిక పని, ఆ యాత్రల పని. పడవ బదులు యూట్యూబు వచ్చింది, అంతే తేడా. అప్పుడు కాలువలో నీళ్ళు ఉండాలి, ఇప్పుడు ఫోన్‌లో డేటా ఉండాలి.

సరే, తెలుగు పుస్తకం వెతికే వీడియోలో ఏం ఉండాలి? నేనూ, మా క్లాసు అమ్మాయిలు ఇద్దరూ లైబ్రరీ మేడమ్ గారితో కూర్చుని ఒక స్క్రిప్టు రాయడం మొదలుపెట్టాం. ముందు ఆవిడ మాకు ఒక నంబరు చెప్పారు: 894.827. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి ఉన్న నంబరు ఇది. తర్వాత 1 వస్తే కవిత్వం, 2 వస్తే నాటకం, 3 వస్తే కథలు, నవలలు. పేరు ఎవరు ఏ స్పెల్లింగుతో రాసినా ఈ నంబరు మారదు. ఓపాక్‌లో వెతికే పెట్టె పక్కన ఉన్న జాబితాలో కాల్ నంబర్ అని ఎంచుకుని ఇది కొడితే తెలుగు బీరువా మొత్తం తెర మీదకి వస్తుంది. కన్నడ సాహిత్యం నంబరు 894.814. మా ఇంట్లో అమ్మ 827, నాన్న 814, ఇద్దరి మధ్య పెద్ద దూరమేమీ లేదని ఆ రోజే తెలిసింది.

రెండో కిటుకు చుక్క గుర్తు. పేరు మొత్తం రాయకుండా అందరూ ఒకేలా రాసే మొదటి ముక్క వరకు రాసి, చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. కన్యాశుల్కానికి "కన్య" తర్వాత ఎస్ దాకా కొట్టి నక్షత్రం పెడితే, హెచ్ ఉన్నా లేకపోయినా, చివర యు ఉన్నా లేకపోయినా పట్టుకుంటుంది. రెండు ఏల స్పెల్లింగుకి మాత్రం ఇంకోసారి కొట్టాలి. ఎనిమిది వెతుకులాటలు రెండుకి తగ్గాయి. మూడోది తెలుగు లిపిలోనే వెతకడం. కోహాలో తెలుగు అక్షరాలు ఎక్కించడానికి అడ్డేమీ లేదు, ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుంటే వెతకనూ వచ్చు. కాకపోతే ఎక్కించేటప్పుడు ఎవరో ఒకరు తెలుగులో కూడా ఎక్కించి ఉండాలి. తెలుగు పేరు ఇంగ్లీషు పేరు పక్కనే చేర్చడానికి క్యాటలాగు నమూనాలో వేరే గడి ఉంటుంది. ఖాళీగా ఉన్న ఆ గడులు నింపడం తెలుగు టైపింగ్ వచ్చిన మనలాంటివాళ్ళు సాయం చేయగల పని.

నాలుగోది ఎన్-లిస్ట్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే సేవ. సభ్యత్వం ఉన్న కాలేజీల విద్యార్థులకు వేల పత్రికలు, లక్షకు పైగా ఇ-పుస్తకాలు ఇంట్లో కూర్చుని చదువుకోవడానికి ఇస్తుంది. దాని లాగిన్ సంగతి వేరే వీడియో చేయాలి. ఒకే వీడియోలో అన్నీ కుక్కితే ఎవరూ చివరిదాకా చూడరు. పది నిమిషాలే ఎక్కువ. మాది నాలుగు నిమిషాలు దాటకూడదని మేడమ్ గారి షరతు.

తెర రికార్డు చేయడానికి ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. గొంతు కోసం ఇయర్‌ఫోన్ మైకు చాలు, కాకపోతే ఫ్యాన్ ఆపాలి. హాస్టల్లో చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కాబట్టి కింద తెలుగు అక్షరాలు తప్పనిసరి. కోహా ఏడాదికి రెండుసార్లు, మే నెలలో, నవంబరులో, కొత్త రూపంతో వస్తుంది. తెర మారినప్పుడు ఆ ముక్క మాత్రం మార్చుకునేలా గొంతు, బొమ్మ విడివిడి ఫైళ్ళుగా దాచాలి. వీడియో కింద క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెడదామనుకుంటున్నాం. అంటే మా పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కోలారులో ఒక కాలేజీకి పనికొస్తే వాళ్ళ ఓపాక్ తెర పెట్టుకుని మా స్క్రిప్టే చదవచ్చు. తిరుపతిలో ఎవరైనా ఇంతకంటే బాగా చెప్తే మనమే దాన్ని తెచ్చుకోవచ్చు. ఎంఏ వాళ్ళ పాఠాల కోసం యూజీసీ ఇ-పీజీ పాఠశాలలో లైబ్రరీ సైన్సు మీద పెద్ద పాఠాలు ఉన్నాయి, అవి మేలైనవే. మనకి కావలసింది అంతకంటే చాలా చిన్నది, పుస్తకం చేతికి వచ్చేదాకా చెప్పేది.

స్క్రిప్టు మొదలు ఇలా ఉంది. ఎడమ గడిలో: ఓపాక్ మొదటి పేజీ. కుడి గడిలో: "నమస్కారం. తెలుగు పుస్తకం ఉందో లేదో, ఉంటే ఏ బీరువాలో ఉందో చూద్దాం." ఎడమ గడిలో: బాణం జాబితా మీద ఆగాలి. కుడి గడిలో: "పెట్టెకి ఎడమ పక్కన ఉన్న జాబితాలో కాల్ నంబర్ ఎంచుకోండి." మూడో గడి దగ్గర మాకు గొడవ వచ్చింది. కాల్ నంబర్ అంటే ఏమిటో చెప్పాలా, చెప్పకుండా ముందు చేయించాలా? చెప్పాలని మేడమ్, చేయించాలని మేము. ఇంకా తేలలేదు.

అది తేల్చాల్సింది కాల్ నంబర్ అంటే తెలియనివాళ్ళే. స్క్రిప్టు మొత్తం, రెండు పేజీలు, ఈ వ్యాసం పక్కనే పిన్ చేశాం. పెన్సిల్ దారంతో కట్టి ఉంది. చదువుతూ ఎక్కడ అర్థం కాకుండా ఆగిపోతారో అక్కడ ఒక గీత గీయండి. పేరు రాయక్కర్లేదు. ఫస్టియర్ వాళ్ళు ముందు చూస్తే మంచిది, మొదటి నెలలో ఉన్నంత తెలియనితనం తర్వాత ఉండదు. శుక్రవారం సాయంత్రం ఆ కాగితాలు తీసి, గీతలు ఉన్న చోటల్లా తిరగరాసి, సోమవారం మళ్ళీ పెడతాం.